ఆకుపచ్చ తలుపు, మేడ మీద కాదు

బాబాయ్, తాగుడు మానేవాళ్ళ మీటింగు సాయంత్రం ఆరింటికి. లైబ్రరీ కింది అంతస్తులో ఆకుపచ్చ తలుపు. మళ్ళీ మేడ ఎక్కకు, అది అల్లికల క్లాసు. పోయిన వారం నువ్వక్కడ "తాగక తొమ్మిది రోజులైంది" అని ఏడిస్తే, పాపం వాళ్ళు ఊలు ఉండలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారట. వాళ్ళలో ముగ్గురు అప్పట్నించి కాఫీ మానేశారు.

కింది గదికి నిన్న నేనే వెళ్ళి చూసొచ్చా. నేను తాగనని ఎంత మొత్తుకున్నా, మొదట్లో అందరూ అలాగే అంటారని భుజం తట్టి మూడు టీలు పోశారు. మంచివాళ్ళు.

నువ్వు మానేసినప్పట్నించి పిన్ని మళ్ళీ పాటలు పాడుతోంది. పక్కింటివాళ్ళు ఇల్లు అమ్ముకునేలా ఉన్నారు. అయినా సరే, ఆ పాటలు ఆగేలా మాత్రం చెయ్యకు.

ఇంకోటి. బారున్న వీధిలోంచి వెళ్ళకు, బడి వెనక సందులోంచి వెళ్ళు. మలుపులో ఏదో పనున్నట్టు నిలబడి ఉంటా, పలకరించకు.