గుణదల కొండ మెట్లు

విజయవాడ, 1976, ఆదివారం రాత్రి

డాక్టరు గారు చెప్పినట్టు అన్నం మానేసి, గుడ్లూ చేపలూ తింటూ, కాఫీలో పంచదార బదులు శాకరిన్ బిళ్ళ వేసుకుంటూ ఇన్ని నెలలు గడిపినా ఒళ్ళు తగ్గింది కొంచెమే. ఆ బిళ్ళ చేదు ఇంకా అలవాటు కాలేదు. అయినా ఇవాళ గుణదల కొండ ఎక్కడా కూర్చోకుండా ఎక్కేశాను! పోయినేడు సగంలోనే ఆగిపోయి ఏడ్చాను. ఈసారి మేరీమాత ముందు నా చేత్తో కొవ్వొత్తి వెలిగించాను.

వెనక్కి తిరిగితే మా ఆయన లేరు. కిందికి దిగి చూస్తే మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నారు.

"ఏమైందండీ?"

"నీతో సమానంగా ఎక్కడం నావల్ల కాదు, స్టెల్లా" అని నవ్వారు.

ఎప్పుడూ సన్నగానే ఉండే మనిషని ఆయన సంగతి నేను పట్టించుకోనే లేదు.

"రేపు డాక్టరు గారి దగ్గరికి మీరూ రావాలి."

"సరే, వస్తాలే."

డాక్టరంటే గిట్టని మనిషి ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో... దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నారు. నా కాళ్ళు మాత్రం ఎక్కడా తడబడలేదు.