స్పోర్ట్స్ కారుకు జీపు రేడియేటరు

అనంతపురం,
12-5-1962

బుడేన్ సాబ్‌కు,

నా పాత స్పోర్ట్స్ కారుకు నువ్వు జీపు రేడియేటరు బిగిస్తానంటే తిట్టాను. అంత పెద్దది పట్టేందుకు బండి ముందరి రేకు కోస్తే దాని మొహం పాడవుతుందన్నాను. "మొగం కావల్నా సార్, ఊరూరా నీళ్లడుక్కునేది కావల్నా?" అన్నావు. మద్రాసులో ఉన్న మా బావమరిది ఆ కారు కంపెనీ రేడియేటరే వేయించమని నాలుగు ఉత్తరాలు రాశాడు. ఎండ అతనికి వరండా దాకా వస్తేనే తెలుసు. నేను చదివిన పుస్తకాలన్నీ అతని పక్షమే. ఇంజను మాత్రం నీ పక్షం.

నిన్న నువ్వు బిగించిన ఆ జీపు రేడియేటరుతోనే కుందుర్పి వెళ్లాను. ఎప్పుడూ అక్కడికి చేరేసరికి బండి పొగలు కక్కేది. రోడ్డు పక్కింటి రామలక్ష్మమ్మ తమ ఇంట్లో తాగే నీళ్ల కడవ తెచ్చి రేడియేటరులో పోసేది. నిన్నా తెచ్చింది.

"ఏమప్పా, ఈపొద్దు దీనికి దప్పిక కాలేదా?" అంది.

లేదన్నాను. కడవ తిరిగి ఇంట్లోకి పోయింది. ఈ మూడేళ్ల కరువులో ఆ ఇంటికి నేను మిగిల్చిన మొదటి కడవ అది. ఆనాడు నిన్నన్న మాటలకు మన్నించు.