మూరెడు సాలీడుపై విచారణ

యానాం,
25-11-1957, సోమవారం.

గౌరవనీయులైన బావగారు సామ్యేలు గారి సముఖమునకు,

ప్రభువు కృపవలన మీ చెల్లెలు హన్నా, పిల్లలు, నేను క్షేమం. మీ తమ్ముడు జోసఫ్ ఉద్యోగం కూడా నిన్న మధ్యాహ్నం నుంచి క్షేమం. మీరు టెలిగ్రాము మీద టెలిగ్రాము ఇచ్చింది ఈ రెండో క్షేమం కోసమే గనుక దానిని ముందే విన్నవించి, వివరాలు మనవి చేస్తున్నాను.

వ్యవహారానికి మూలకారణం తమరు పంపిన కెమెరా. దాని ముందు భూతద్దం కట్టి, మెట్టకూరు చర్చి చుట్టూ ఉన్న మందార కంచెలో తిరిగే బుల్లి సాలీళ్లను ఫోటోలు తీస్తున్నానని లోగడ రాశాను. పెసరగింజంత జీవి ఎదుట మంచులో బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి నిరీక్షించడం ఉపాధ్యాయుడికి తగిన పని కాదని హన్నా అభిప్రాయం. అయినా ఒక ఫోటో కుదిరింది. ముందు వరసలో నాలుగు కళ్లు, మూతి మీద తెల్లని నూగు, పాఠశాల తనిఖీకి వచ్చిన అధికారి చూపు. దాన్ని కాకినాడలో మూరెడు సైజున వేయించాను. కోతపండుగ నాడు అందరూ గుమ్మడికాయలూ కోళ్లూ కానుకగా తెస్తే, నేను దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. కింద "మన కంచెలోనిది" అని గర్వంగా రాశాను.

ఆరాధన తరువాత కానుకలను వేలం వేస్తే, దాన్ని ఎవరూ పాడలేదు. సంఘ పెద్దల అధ్యక్షులు రాజారత్నం గారు మాత్రం చాలాసేపు పరిశీలించి, ఒక సందేహం వెలిబుచ్చారు.

"మాస్టారూ, నేను ఆరడుగుల మనిషిని. స్టూడియోలో తీయించుకుంటే జానెడొచ్చేను. ఫోటోయే మూరెడుంటే అసలు పురుగెంతుండాలండీ?"

ఈ లెక్కకు సభలో ఎదురు లేకపోయింది. భూతద్దం సంగతి నేను వివరించాను. అద్దం ఉన్నదాన్ని చూపిస్తుంది గాని లేనిదాన్ని పెంచదని సంఘ పెద్ద ఆంథోనీ గారు నన్ను సవరించారు. అంతటి జంతువును కంచెలో పెరగనిచ్చిన కాపలాదారు జోసఫ్‌ను తొలగించి, చర్చి వెనక గది ఖాళీ చేయించే విషయమై ఆదివారం ఆరాధన తరువాత విచారణ జరగాలని నిశ్చయించారు. ఈలోగా తల్లులు నడిచే పిల్లలను సైతం చర్చికి ఎత్తుకుని తెచ్చారు. దరియాలతిప్ప నుంచి ఒకాయన చేపల వలతో వచ్చి, తన సేవలు సంఘానికి సమర్పించారు. జోసఫ్ భార్య సారమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దేసి, ఎక్కడికి పోవాలి వదినా అని హన్నాను అడిగిందట. ఆ రోజు నుంచి హన్నా నాకు అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

అసలు ముద్దాయినే హాజరుపరచడం తప్ప నాకు మార్గం తోచలేదు. నిన్న పొద్దుటే జోసఫ్ కంచె అంతా వెతికి, ఒకదాన్ని మందారాకు మీదికి ఎక్కించాడు. ఆరాధన కాగానే అరచెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి, ఆకును పెద్దల బల్ల మీద ఉంచాడు. రాజారత్నం గారు వంగి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఆంథోనీ గారు కళ్లు లెక్కపెట్టి ఎనిమిదన్నారు. పాపం, నీరసంగా ఉందని స్త్రీల సమాజం తరఫున ఆగ్నెస్ గారు జాలిపడ్డారు. నేనూ చూసి, ఫోటోలోని రకమేనని ధ్రువీకరించాను.

"ఇంతేనా? దీనికోసమా కుర్రాణ్ణి పొమ్మంటున్నారు?" అని రాజారత్నం గారు సభను మందలించారు. సభ సిగ్గుపడింది.

జోసఫ్ ఉద్యోగమూ గదీ యథాతథం. అధ్యక్షులవారి ఫోటో కూడా అదే భూతద్దంతో తీయవలెనని తీర్మానమైంది. అలా తీస్తే వారి మీసంలో ఒక మూల మాత్రమే పడుతుందని ఇంకా విన్నవించుకోలేదు. సాయంత్రం సారమ్మ గిన్నెలు బయటికి తీసి, చేపల పులుసు కాచి పంపింది. హన్నా వడ్డిస్తూ, ఇంకొంచెం వేయనా అని అడిగింది. ఆ మాట విని నా ప్రాణం కుదుటపడింది.

ఇట్లు,
తమ విధేయుడైన బావ,
అమ్మన్న

తా.క. పులుసు గిన్నె తెచ్చినప్పుడు జోసఫ్ నన్ను పక్కకు పిలిచాడు. "అది మెట్ల కాడే గెంతేసిందండి బావా. ఉత్త ఆకే పెట్టేను. మీరే చూశానన్నాక ఇంక నేనేం చెప్తానండి?" అన్నాడు. ఈ సంగతి మన ముగ్గురి మధ్యనే ఉండాలని ప్రార్థన. అంత శ్రద్ధగా కళ్లు లెక్కపెట్టిన ఆంథోనీ గారి మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు.