నాన్న వచ్చే ముందు చీకటి

నవంబర్ 9, 2024

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. నరసరావుపేట హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేశాను. ఈ డైరీకి రెండే నియమాలు. రోజూ ఒక తెలుగు మాట రాయాలి. నిజం రాయాలి.

ఇవాళ్టి మాట: మాటు. పిల్లి వేస్తుంది, కొంగ వేస్తుంది. మా ఊళ్లో మనుషులు కూడా వేస్తారు.

నేను వచ్చేసరికి విజయ్ బాబాయి హాల్లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. అన్నీ స్మార్ట్ బల్బులే. హైదరాబాద్‌లో నాన్నకి ఎవరో ఇచ్చినవి నాలుగు, వాటిని కలిపి నడిపే హబ్ ఒకటి. గురజాలలో షఫీక్ ఎలక్ట్రికల్ షాపులో బాబాయి కొన్నవి మూడు. ఇవి కాక మాట్లాడే స్పీకర్ ఒకటి. మూడు కంపెనీలు, మూడు యాప్‌లు. ఒకదాని మాట ఇంకొకటి వినదు.

మా ఊరి పార్టీల లాగా ఉన్నాయే తేజా, వీటికి రాజీ నువ్వే కుదర్చాల అన్నాడు బాబాయి. బీటెక్ చదివించేది ఇందుకేనంట. నాకు మిర్చి పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ ఏడాది తేజ రకానికి మంచి రేటు పలికిందట.

నవంబర్ 10

పొద్దుటి నుంచీ పెయిరింగ్. హాల్లో బల్బులు జిగ్బీ, అంటే వైఫై అక్కర్లేని రేడియో రకం, హబ్ ద్వారా వెంటనే దొరికాయి. వరండా బల్బ్ మాత్రం చవక వైఫై రకం. దాన్ని బాబాయి స్టూల్ ఎక్కి తన చేత్తో బిగించాడు. అయిదు సార్లు ఆర్పి వేస్తే గానీ జతకి సిద్ధమని మిణుకుమనదు. స్పీకర్‌లో చేరిస్తే కాసేపు ఉంటుంది, తర్వాత "స్పందించడం లేదు" అని చూపిస్తుంది.

షఫీక్ అన్న వచ్చి రూటర్ మార్చి ఇచ్చాడు. టీ తాగుతూ, మీ ఇంట్లో ఇన్ని లైట్లుండీ రాత్రయితే చీకట్లో కూర్చుంటారంట గదమ్మా అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

నవంబర్ 12

ఆ చీకటి గురించి రాయాలి.

నేను పుట్టక ముందు తాతయ్యని మా వరండాలోనే నరికారు. రాత్రి ఇంటికి వచ్చి మెట్టు మీద చెప్పులు విడుస్తున్నాడు. తల పైన బల్బ్ వెలుగుతోంది. కంది చేలో మాటు వేసిన వాళ్లకి ఆ వెలుగే చాలింది. ఎదటి పార్టీ వాళ్లు. మేం వాళ్ల పేర్లు పలకం, ఎదటోళ్లు అంటాం.

అప్పటి నుంచీ మా ఇంటి ఆచారం ఇది. మా పార్టీ పెద్ద, అంటే ఇప్పుడు నాన్న, గడప తొక్కే ముందు ఇల్లంతా చీకటి చేయాలి. నాన్న ఎప్పుడొచ్చినా బండి పత్తి జిన్నింగ్ మిల్లు దగ్గరే వదిలి, డొంక దారి వెంట చీకట్లో నడిచి వస్తాడు. నానమ్మ మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు అమ్మ చేస్తోంది. నానమ్మ ప్రస్తుతం రాజుపాలెంలో అత్త దగ్గర ఉంది.

నాకు అర్థం కానిది ఒకటుంది. నాన్న రాని రోజుల్లో కూడా అమ్మ ఆర్పుతుంది. సాయంత్రం అన్నం వండుతూ ఒకసారి, సీరియల్ మధ్యలో ఒకసారి, ఇంకా ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. కాసేపుంచి మళ్లీ వేస్తుంది. ఎందుకమ్మా అని అడిగాను. అత్తయ్య అట్టా చేసేది, నేనూ చేస్తన్నా, అంతకు మించి నాకేం తెలుసే అంది.

రోజూ అన్నిసార్లు చీకట్లో కూర్చునే అమ్మని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. కడుపు తరుక్కుపోవడం. ఇవాళ్టి మాట అదే.

నాకు ఒక ఐడియా వచ్చింది.

నవంబర్ 14

జియోఫెన్స్, అంటే మ్యాప్‌లో గీసే కంచె. నాన్న ఫోన్ మిల్లు మలుపు దాటగానే రొటీన్, అంటే ముందే రాసిపెట్టిన ఆజ్ఞ, నడుస్తుంది. బల్బులన్నీ ఆఫ్. నాన్న లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాక స్పీకర్‌కి చెబితే ఆన్. అమ్మ లేవక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండక్కర్లేదు.

నాన్నకి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, చెయ్ తల్లీ, మీ అమ్మకి ఆ కాపలా తప్పుద్ది అన్నాడు.

మొదటి ట్రయల్ పరువు తీసింది. హాలు ఆరింది, వంటిల్లు ఆరింది, వరండా వెలుగుతూనే ఉంది. నాన్న లోపలికి వచ్చి మంచినీళ్లు తాగుతుంటే అప్పుడు ఆరింది అది.

నానమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ దీపం ఆరిపోలేదు అన్నాను. అట్టా అనకూడదే, కొండెక్కలేదు అనాల అంది. దీపం ఆరదట, కొండ ఎక్కుతుందట. యాప్‌లో "ఆఫ్" అని ఉంటుంది. ఎంత పేద మాట.

నవంబర్ 17

గెలిచాను!

ఏడు బల్బుల్నీ ఒకే ప్లాట్‌ఫామ్ కిందకి తెచ్చాను. వరండా బల్బ్ ఇంకా మొండికేస్తుంటే దాని సొంత యాప్‌ని నాన్న ఫోన్‌లో వేసి, అందులో విడిగా ఇదే రొటీన్ రాశాను. అది ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞ తీసుకుంటుంది. ఇక తప్పించుకోలేదు.

రాత్రి నాన్న వచ్చాడు. ఏడూ ఒక్క క్షణంలో కొండెక్కాయి. బాబాయి కావాలని మిల్లు దగ్గర నిలబడి చూసి వచ్చాడు. ఇల్లు ఒక్కసారిగా కన్ను మూసినట్టుందే ఇంజినీరమ్మా, డొంక నుంచి ఎంత బాగా కనపడిందో అన్నాడు.

మరి నువ్వొస్తే ఆరవు కదా బాబాయ్, నీ ఫోన్ కూడా కలపనా అంటే, నన్నెవడు నరుకుతాడే, నా తలకి రేటెక్కడిది అని నవ్వాడు. నిజమే, ఆయన రోజూ వెలుగులోనే ఇంటికి వస్తాడు. ఎదటోళ్లు ఎదురైనా పలకరించే మనిషి.

నవంబర్ 22

అమ్మ ఇవాళ సీరియల్ మొదటి నుంచి చివరి దాకా చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. రొటీన్ ఇంతవరకూ తప్పలేదు. నాన్న వస్తేనే చీకటి. లేకపోతే ఇల్లంతా పెళ్లి వెలుగు.

నవంబర్ 28, ఉదయం

రాయాలి. నియమం నేనే పెట్టుకున్నాను.

నిన్న నరసరావుపేట కోర్టులో నాన్నకి వాయిదా. బాబాయి కూడా వెళ్లాడు. పని తెగక నాన్న లాయర్ గారింట్లో ఆగిపోయాడు. బాబాయి ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఒంటరిగా పోతన్నావు, దారిలో అవసరం పడుద్ది అని నాన్న తన ఫోన్ ఇచ్చి పంపాడు.

ఇవన్నీ తర్వాత తెలిశాయి.

మాకు తెలిసింది లైట్లు ఆరడం మాత్రమే. ఏడు దాటి ఉంటుంది. అమ్మ వెల్లుల్లి వలుస్తోంది. ఇల్లంతా ఒక్కసారి కన్ను మూసింది. నాన్న వచ్చాడు అన్నాను. సంతోషంగానే అన్నాను. అమ్మ తలుపు వెనక నిలబడి గడియ మీద చెయ్యి వేసింది. డొంక మొదట్లో నాన్న ఎప్పుడూ దగ్గుతాడు. ఆ దగ్గు కోసం చూస్తున్నాం.

గేటు బయట నాటు బాంబు పడింది. కిటికీ అద్దం నా ఒళ్లో రాలింది. రెండోది పడింది. గంధకం వాసన.

అప్పుడు బాబాయి గొంతు. వదినా, తలుపు తియ్యమాక! అని. సాయం రండి అనలేదు. తలుపు తియ్యమాక అనే రెండుసార్లు అరిచాడు.

ఆ తర్వాత చప్పుడు. కొబ్బరి మట్టలు నరికేటప్పుడు వస్తుంది ఆ చప్పుడు. మధ్యలో ఎవడో, ఒరేయ్, ఈడు కాదురా, తమ్ముడురా అన్నాడు. ఇంకొకడు, ఎవడైతే ఏందిరా, మొగం చూసేశాడు, కానియ్ అన్నాడు. కానిచ్చారు.

నా చేతిలో ఫోన్ ఉంది. నొక్కాను. ఏడు బల్బులూ వెలిగాయి. వెలుగు గేటు దాటి డొంకలో పడింది. వాళ్లు కంది చేలో పడి పరిగెత్తారు. నలుగురు, లేదా అయిదుగురు.

అమ్మ తలుపు తీసింది. నేను వెనకే వెళ్లాను.  ఆమెకి నేను ఉన్నట్టే తెలియదు.

బాబాయి వెల్లకిలా ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర తెగి కొంచెం దూరంలో పడి ఉంది. వేళ్లు కదులుతున్నాయి అనిపించింది, కదలలేదేమో. మెడ మీద మూడు నరుకులు. అమ్మ తన పమిటతో అవన్నీ ఒకేసారి మూయాలని చూస్తోంది. ఒకటి మూస్తే ఒకటి కారుతోంది. ఆయన అమ్మ మొహమే చూస్తున్నాడు. ఏదో అనబోయాడు, నోట్లోంచి రక్తం వచ్చింది.

చొక్కా జేబులో ఫోన్ మోగింది. తడిసిన గుడ్డలోంచి పేరు కనిపించింది. లాయర్ గారు. నాన్న చేస్తున్నాడు. చేరావా అని అడగడానికి.

ఆ జేబులో ఉన్నది నాన్న ఫోన్ అని అప్పుడు చూశాను.

ఇవాళ మాట లేదు.

నవంబర్ 29

పోలీసులు నాన్న ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో వేసి తీసుకెళ్లారు. శవం గురజాల ఆస్పత్రి నుంచి కుట్లతో వచ్చింది. చెయ్యి అతికించి కుట్టారు.

నానమ్మ వచ్చింది. ఏడవలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, ఆ వేళప్పుడు లైట్లు ఎవురార్పారే అని అడిగింది. వాటంతట అవే ఆరాయి, అన్న వస్తేనే ఆరేట్టు పెట్టారంట అన్నాడు నాన్న మనుషుల్లో ఒకడు.

నానమ్మ అమ్మ వైపు చూసింది. సుకన్యా, రోజుకి పదిసార్లు ఆర్పమంది ఎందుకనుకున్నావే అంది. ఏ చీకట్లో నా కొడుకొస్తన్నాడో వాళ్లకి తెలియకూడదనే గదంటే. ఆడు వచ్చినప్పుడే ఆర్పితే, ఇదిగో వచ్చాడని వాళ్లకి టముకు వేసినట్టేగా.

అమ్మ నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

నవంబర్ 30

నాన్న మనుషులు షఫీక్ అన్నని షాపులోంచి లాక్కొచ్చారు. రూటర్ పెట్టినవాడు గనక లైట్ల గుట్టు అతనికే తెలుసట, ఎదటోళ్లకి అమ్ముకున్నాడట. మా పత్తి గోడౌన్‌లో పెట్టి కొడుతున్నారు. గోడౌన్ మా పెరట్లోనే ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి.

అతను, నాకు తెలవదన్నా, నాకు తెలవదన్నా అంటున్నాడు. చెప్పకపోతే ఒక్కో వేలూ పోద్దిరా అంటున్నారు.

డిసెంబర్ 1

నిన్న అక్కడితో రాయడం ఆపి గోడౌన్‌కి వెళ్లాను.

షఫీక్ అన్న ఎడమ చెయ్యి రాతి మీద పెట్టి ఉంది. రెండు వేళ్లు అప్పటికే చితికాయి. మూడోదానికి ఒకడు సుత్తి ఎత్తాడు. లోపలికి పోవే అని నాన్న నా మీద అరిచాడు. వినలేదు. ఎవరూ అమ్ముకోలేదు నాన్నా, చూపిస్తాను రా అన్నాను.

అప్పటికే చీకటి పడింది. నాన్నని డొంకలోకి తీసుకెళ్లాను. మట్టి ఇంకా నల్లగా ఉంది. అక్కడ నిలబెట్టి, ఇంటి వైపు చూడమని, ఫోన్ నొక్కాను.

ఇల్లు కన్ను మూసింది.

డొంకలో నుంచి నేను దాన్ని చూడటం అదే మొదటిసారి. చుట్టుపక్కల ఏ ఇల్లూ అలా ఆరదు. ఏ చేలో కూర్చున్నవాడికైనా కనిపిస్తుంది. బాబాయి ఆ రోజే చెప్పాడు, ఎంత బాగా కనపడిందో అని.

వాళ్లు చూస్తూ ఉన్నారు నాన్నా, నువ్వొస్తేనే ఆరుతుందని నేర్చుకున్నారు, వాళ్లకి నేర్పింది నేను అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నాన్న ఆ నల్లమట్టి మీదే చతికిలబడ్డాడు. ఆ కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోండిరా అని మాత్రం అన్నాడు. తర్వాత, నేను గూడా చూసి మురిసిపోయాగదే అన్నాడు.

ఇవాళ షఫీక్ అన్న వాళ్లమ్మ సాబిరా వచ్చి గేటు బయట నిలబడింది. మీ మనిషి పోతే మా పిల్లోడి చేతులేంజేశాయమ్మా అని అడిగింది. సమాధానం నా దగ్గర ఉంది. వెళ్లి ఆమె ముందు నిలబడి చెప్పాను. ఆమె విని, నా మొహం మీద ఉమ్మేసి వెళ్లిపోయింది. వెంటనే తుడుచుకోలేదు.

డిసెంబర్ 3

నా ఫోన్‌లోంచి యాప్ తీసేశాను. రొటీన్ తీసేశాను. హబ్ పీకేశాను. బల్బులు మార్చి మామూలువి పెట్టాం. వరండాది తీయబోతే అమ్మ ఆపింది. అది విజయ్ చేత్తో బిగించింది, ఉండనీ అంది. బాబాయి పోయాక నాతో తను మాట్లాడిన మొదటి మాట అదే.

అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. సాయంత్రాలు ఎప్పుడు పడితే అప్పుడు చీకటి. ఇప్పుడు నేనూ లేచి ఆర్పుతున్నాను.

డిసెంబర్ 11

మాచర్ల బస్టాండ్ వెనక ఎదటోళ్ల మనిషిని నరికారు. కుడి చెయ్యి మోచేతి దాకా తీశారట. నాన్న అన్నం తిన్నాడు.

జనవరి 6, 2025

కాలేజీ తెరిచారు. నన్ను పంపడం లేదు. బస్సు దిగేచోట ఎవరైనా ఉండొచ్చు అంటున్నాడు నాన్న. ఆడాళ్ల జోలికి వాళ్లు గూడా రారే, ఆ నీతి ఒక్కటే మిగిలింది ఈ ఊళ్లో అంటోంది నానమ్మ.

ఇవాళ్టి మాట: కక్ష. దీనికి ఇంకో మాట వెతికాను. నాకు తెలిసినవన్నీ దానికంటే మెత్తగా ఉన్నాయి.

జనవరి 24, సాయంత్రం

నాలుగింటికి నాన్న కొత్త ఫోన్ నుంచి చేశాడు. పాత ఫోన్ కోర్టు తిరిగి ఇచ్చిందట. సిమ్ వేసి ఆన్ చేసి చూశాను, బానే పనిచేస్తంది, బాబాయి ఫొటోలు అన్నీ ఉన్నాయి, చీకటి పడ్డాక వస్తా అన్నాడు.

ఆ ఫొటోలు చూడాలని అమ్మ ఎదురుచూస్తోంది.

అదే రోజు, ఏడు దాటాక

వరండా బల్బ్ కొండెక్కింది.

ఎవరూ ఆర్పలేదు. ఇంట్లో మిగతావన్నీ వెలుగుతున్నాయి. అది ఒక్కటే.

ఆ బల్బ్ సొంత యాప్. నాన్న ఫోన్‌లోనే ఉండిపోయింది. నేను విడిగా రాసిన రొటీన్.

నాన్న మిల్లు మలుపు దాటాడు. ఫోన్ చేశాను, డొంకలో నడిచేటప్పుడు సైలెంట్‌లో పెడతాడు, ఎత్తలేదు. కంది ఇంకా కోయలేదు.

అమ్మకి చెప్పాను. అమ్మ పెద్ద టార్చ్ తీసి, వెలిగించి, ఆడమనిషని కనపడేట్టు తన మొహం మీదకి తిప్పుకుంది. గేటు తీసుకుని డొంకలోకి నడిచింది. జయకృష్ణా అని అరుస్తోంది. నాన్న పేరు అమ్మ నోట ఎప్పుడూ వినలేదు.

నానమ్మ లాంతరు అందుకుంది.

నా ఫోన్‌లో కూడా టార్చ్ ఉంది. వెళ్తున్నాను.