పొట్లకాయకు కట్టిన రాయి

వరాలూ,

నువ్విక లేవని, ఇది చదవవని తెలిసినా ఈ సంతోషం నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను. ఈరోజు మిద్దెతోటల క్లబ్బువాళ్లు గాజువాకలో మన డాబా చూడటానికి వచ్చారు. మొక్కల గురించి వాళ్లకు చెప్పాల్సింది మన వేణి. నత్తికి భయపడి కొట్లో సరుకులకు కూడా చీటీ రాసిచ్చే పిల్ల కదా. పొద్దున్నే ఓడరేవు నుంచి వచ్చి ఆకుల మీద పడే బొగ్గు దుమ్మంతా తుడిచింది గాని, వాళ్లు మెట్లెక్కగానే వచ్చి నా వెనక నిలబడిపోయింది.

ఇంతలో ఒకావిడ నువ్వు వేయించిన పందిరి కింద ఆగింది.

"కాయకి రాయి కట్టేసారేటి, పాపం? బరువుకి తెగిపోదూ?" అంటూ పొట్లకాయ కొసన దారం విప్పబోయింది.

"ఇ... ఇప్పకండి" అని వేణి ముందుకు ఉరికింది. "రాయి లేపోతే కాయ వం... వంకర తిరిగిపోతాది. మాయమ్మ సెప్పింది."

"అలాగా? ఎంత రాయి కట్టాలమ్మా?"

అంతే వరాలూ, మన పిల్ల గింజ పెట్టిన దగ్గర్నుంచి కాయ కోసేదాకా చెప్పుకుంటూ పోయింది. మాట తడబడిన చోటల్లా వాళ్లు ఓపిగ్గా ఆగారు. నా ఆనందం ఏమని చెప్పను? ఒకాయనకు టీ మీద టీ పోస్తూనే ఉన్నాను.

వాళ్లు వెళ్లాక వేణి అడిగింది. "నాన్నా, నాకు నత్తి వచ్చిందేటి?"

"వచ్చిందమ్మా. అయినా ఒక్కరూ కదల్లేదు."

కాసేపు పందిరి వంక చూసి నవ్వింది.

"వచ్చే నెల ఆల మీటింగులో వంకాయల గురించి సెప్పమన్నారు. వత్తానని సెప్పేసాను నాన్నా."