పరీక్షకు ముందు రెండు రోజులు

నాయినా,

ఇవాళ అమరచింతలో అచ్చం నీలాంటి మనిషి ఒకామె కనిపించింది.

చక్కెర జబ్బు కొందరి కిడ్నీలను మరీ త్వరగా ఎందుకు పాడుచేస్తుందో తెలుసుకోవడమే ఇప్పుడు నా పరిశోధన. అందుకే ఊరూరా తిరిగి రక్తం తీసుకుంటున్నాం. గాజులు అమ్ముకునే ఖాజాబీ చేయి చాపుతూ గొప్పగా చెప్పింది: "రెండు దినాలసంది బువ్వ ముట్టలే మేడం. చాయ్ గూడ బంద్ వెట్టిన. పరీక్ష మంచిగ రావాలె గద!"

నర్సులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నువ్వూ పరీక్షకు ముందు ఇలాగే పస్తుండేవాడివి. ఒక్కసారి చక్కెర ఎక్కువొచ్చిందని దవాఖానలో అందరి ముందూ నీమీద అరిచాను. ఆ తర్వాత ఏ రిపోర్టులోనూ ఎక్కువ రాలేదు. కొత్తకోటలో పంక్చర్ల దుకాణం మూసి, ప్రతి రిపోర్టునూ నా మెడికల్ కాలేజీ దాకా తెచ్చి చూపేవాడివి. నేను శభాష్ అనేదాన్ని. కాళ్లు వాచినప్పుడు "లారీల కాడ నిలవడి నిలవడి గిట్లయింది బిడ్డా" అన్నావు. డాక్టరు చదువుతూ కూడా నమ్మాను. అప్పటికే నీ కిడ్నీలు చెడిపోయాయి; నువ్వు దక్కలేదు.

మూడు నెలల చక్కెరను చెప్పే పరీక్ష ఇదనీ, రెండు రోజుల పస్తు దీని ముందు పనిచేయదనీ ఖాజాబీకి చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"గుస్సయితరా మేడం?"

"కోప్పడను, చెప్పమ్మా."

అప్పుడు మెల్లగా చెప్పింది: "దినానికి ఆరు చాయ్‌లు తాగుత. రెండేసి చెంచాల చక్కెర."

రాసుకున్నాను. నువ్వు ఎన్ని తాగేవాడివో నాకు ఇప్పటికీ తెలియదు, నాయినా.