ఎండుద్రాక్ష పేజీ

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
19 ఆగస్టు 1963

చెల్లెలు జ్ఞానరత్నానికి,

ఆ పద్దెనిమిది శనివారాలకు నువ్వు దేవునికేం జవాబు చెబుతావు? నిన్న సంఘమంతా అడిగితే నోరు విప్పలేదు. మధ్యాహ్నం పాసింజరెక్కి చక్రధర్‌పూర్‌లో అక్క ఇంట్లో దూరితే తప్పించుకున్నానని అనుకున్నావా? దేవుని మాట తప్పించుకోవాలని యోనా కూడా ఓడెక్కే పారిపోయాడు.

నీ పుస్తకాలు కాల్చేశాను. పదకొండు. పెరట్లో కుంపటి పెట్టి, పేజీ పేజీ చింపి వేశాను. ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోతున్న ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవర్ల ఇళ్ళ వరండాల్లో, పగిలిన కప్పుల మధ్య పడి ఉన్న పాత వంట పుస్తకాలను ఏరి తెచ్చుకునేదానివి. నీ పెనిమిటి పోయాక నా పంచన బతికిన ఏడేళ్ళూ వాటితోనే కాపురం చేశావు. మనింట్లో ఓవెన్ లేదు, వెన్న లేదు. అయినా సాయంత్రమైతే గడపలో కూర్చుని, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పేదానివి. వండనిదాన్ని చదవడమెందుకే అని అడిగితే ఏమన్నావు?

"తినడానిక్కాదన్నయ్యా. ఈటి అంచుల్లో ఆడోళ్ళు ఏటేటో రాసుకున్నారు. సదూతుంటే ఇంట్లో పదిమంది ఉన్నట్టుంటాది."

ఏశావు ఒక్క పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. నువ్వు కూటి బొమ్మలకే అమ్ముకున్నావు.

ఎండుద్రాక్షతో వైన్ కాచే పేజీ వాటిలోనే దొరికింది. అన్నిటికంటే ఎక్కువ మరకలు పడ్డ పేజీ అదే. పక్కన నీ పెన్సిలుతో పద్దెనిమిది తేదీలు, అన్నీ శనివారాలే. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేస్తూ వాక్యం సొంతంగా నేర్చుకుని బోధకుడినైనవాణ్ణి, అక్కడి మగాళ్ళు ఏ రోజు తాగుతారో నాకు తెలియదా? ఆ తేదీలు కాగితం మీద ఎక్కించుకుని సంఘం ముందు ఒక్కొక్కటే చదివాను. సంఘపెద్ద విల్‌ఫ్రెడ్ గారు, "ఏటమ్మా, నిజవేనా?" అన్నారు. నువ్వు ముసలి సూసన్నమ్మ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నావు. నాకదే చాలు. సంఘం పట్టీలోంచి నీ పేరు తీసేసి, నిన్ను ప్రభువు బల్లకు దూరం చేశాం.

చక్రధర్‌పూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో నీకు వంట పని చూశానని అక్క కిందటి నెల రాసింది. ఆ ధీమాతోనే పోయావు. తాగుబోతు చేతికి పసిపిల్లల కూడు అప్పగించవద్దని వార్డెన్‌కు ఇవాళే రాసి పడేస్తున్నాను. కడుపు కాలితే గాని నీకు పశ్చాత్తాపం రాదు.

నీ అన్న,
ఆర్థర్


నిమ్‌పురా, ఖరగ్‌పూర్
2 సెప్టెంబరు 1963

అమ్మా రత్నం,

నిన్న మొదటి ఆదివారం, ప్రభువు బల్ల పంచే రోజు. బల్ల మీద రొట్టె ఉంది, ద్రాక్షరసం గిన్నె లేదు. ముప్పై ఏళ్ళుగా గుడ్డ కప్పి గిన్నె తెచ్చే సూసన్నమ్మ ఉత్తి చేతులతో వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. గిన్నె ఏదని అడిగాను.

"కాసే మనిషిని నువ్వే తరిమేసినావు కదా బాబూ" అంది.

తన చేతులు వణుకుతున్నాయని రసం కాచే పని నీకప్పగించి ఏడాదిన్నర అయిందట. మన సంఘంలో గిన్నెలోకి రసం కాచినవాళ్ళ పేరు బయటికి రాకూడదు. దాచి చేసిందే దేవునికి చేరుతుందని ఆ పీఠం మీద నిలబడి నేనే ఎన్నిసార్లు అరిచానో. ఆ కట్టుబాటుకే నువ్వు నోరు మూసుకున్నావు. మరి ఆమె ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు కళ్ళతోనే వద్దన్నావనీ, తనకూ ధైర్యం చాలలేదనీ అంది. తర్వాత అందరికీ వినబడేలా మళ్ళీ అంది.

"పద్దెనిమిది మార్లు ఆ సారా తాగినోడివి నువ్వే. మాకు పోసినోడివీ నువ్వే. శనివారం తరవాత ఏ రోజొస్తాదో నీకు తెల్దేటి?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

ఇంటికొచ్చి నా కాగితాన్ని గోడ మీది రైల్వే కేలండరు పక్కన పెట్టాను. ఈ ఏటి ఎనిమిది తేదీలూ మొదటి ఆదివారాలకు ముందు రోజులే. నిరుటివి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, అవీ అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి. రసాన్ని పులియబెట్టమన్న వరుసను నువ్వు పెన్సిలుతో కొట్టేశావు. ఆ గీత నేను కాల్చక ముందే చూశాను. చూసి పేజీ మడిచేశాను.

నీ పుస్తకం ఒకటి సూసన్నమ్మ దగ్గర మిగిలితే అడిగి తెచ్చుకున్నాను. తప్పులెన్నడానికే తెరిచాను. సూప్ పేజీ అంచున ఎవరో దొరసాని సిరాతో రాసుకుంది, బాబుకు జ్వరం తగ్గింది, రెండు చెంచాలు తాగాడు అని. కింద వేరే చేతిరాత, చాలా ఏళ్ళ తర్వాతది: మా అమ్మకూ ఇదే చేశాను, తాగలేదు. తిప్పాను. మళ్ళీ తిప్పాను. చీకటి పడి అక్షరం ఆనకుండా పోయేదాకా లేవలేదు. అలాంటివి పదకొండు, రత్నం. వాటిలో ఎందరున్నారో నాకు తెలియదు. చలి కాచుకున్నట్టు కూర్చుని అందరినీ తగలబెట్టాను.

క్షమించమని అడగను. నన్ను నేనే బల్లకు దూరం చేసుకున్నాను. నీ పేరు పట్టీలో తిరిగి ఎక్కింది. కానీ వార్డెన్‌కు నేను రాసిన అబద్ధం ఇంకా అక్కడ పని చేస్తూనే ఉంది. మంగళవారం సాయంత్రానికి వేరే మనిషిని పెట్టేసుకుంటుందని అక్క కార్డు వచ్చింది. పోస్టులో వేస్తే ఆలస్యమని దీన్ని రైలు గార్డు చేతికిస్తున్నాను, మంగళవారం పొద్దున్నే నీకందుతుంది. వార్డెన్‌కు నేను రాసిందంతా అబద్ధమని విల్‌ఫ్రెడ్ గారు దీని కింద సంతకం చేశారు.

నాకు జవాబు రాయడానికి కూర్చోకు. నన్ను తిట్టడానికైనా ఆగకు, అది ఎప్పుడైనా చేయొచ్చు. ఈ కాగితం అందుకున్న చేత్తోనే లేచి హాస్టలుకు నడువు. వార్డెన్ ముందు దీన్ని పరిచి, ఆమె చివరి వరుస దాకా చదివేవరకు అక్కడే నిలబడు. రేపటికి ఆ పని ఉండదు. ఇవాళే వెళ్ళు, ఇప్పుడే.

అబద్ధ సాక్షి,
నీ అన్న ఆర్థర్